రాచపుండుకు ఎదురు నిలిచిన నవాబు

మహానగరాలలో మనుష్యుల పేర్లు రెండు విధాలుగా నిలుస్తవి. కొన్ని పేర్లు రాతిఫలకాల మీద చెక్కబడి, చదివేవారు లేక క్రమంగా మాసిపోతవి. మరికొన్ని ఫలకాన్ని విడిచి జనుల నోట పడి, అవి ఒకప్పుడు ఒక మనిషి పేర్లన్న సంగతే ఎవరికీ గుర్తులేనంతగా వాడుకలో కలిసిపోతవి. హైదరాబాదులోని ఆబిడ్స్ ఈ రెండవ విధానికి చక్కని ఉదాహరణ. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియను అక్కడ అంగడి నడిపినాడు. అంగడి పోయింది, ఆ మనిషీ పోయినాడు. పేరు మాత్రం నగరానికి నడిబొడ్డయి నిలిచింది.

ఆబిడ్స్ నుండి స్టేషను రోడ్డు పట్టి నాంపల్లి రైలు స్టేషను దాటి, పబ్లిక్ గార్డెన్స్ పక్కగా కొంత దూరం పోతే రెడ్‌హిల్స్ అనే మెరకప్రాంతం వస్తుంది. జిల్లాల నుండి వచ్చిన రోగులు, వారి వెంట మూటాముల్లెతో వచ్చిన బంధువులు, రైలో బస్సో దిగి అక్కడికి దారి అడగడం నిత్యమూ కనిపించే దృశ్యం. వారు అడిగేది మూడే అక్షరాలు: ఎం.ఎన్.జె. అది క్యాన్సరు ఆస్పత్రి అని వారికి తెలుసు. ఆ మూడక్షరాలు ఒక మనిషి పేరని తెలిసినవారు ఆ గుంపులో అరుదు. ఆ మనిషి నవాబు మెహదీ నవాజ్ జంగ్. నిజాం రాజ్యంలో పెద్ద అధికారి, స్వతంత్ర భారతంలో మంత్రి, గుజరాతు రాష్ట్రానికి మొదటి గవర్నరు. ఇన్ని పదవులలోనూ నిలవని పేరు ఒక ఆస్పత్రి గుమ్మం మీద నిలవడం వెనుక ఉన్న కథ విద్యార్థులు తెలిసికోదగినది.

మెహదీ నవాజ్ జంగ్ 1894లో జన్మించారు. మెహదీ ఆయన పేరు. తక్కినది నిజాం ప్రభుత్వం ఇచ్చిన బిరుదు. నిజాం కొలువులో జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా అని బిరుదులకు అంతస్తులుండేవి. పారసీకంలో జంగ్ అనగా యుద్ధం. నవాజ్ అనగా ఆదరించేవాడు. కత్తి పట్టని ఉద్యోగికి కూడ యుద్ధనామం తగిలించడం ఆనాటి ఆచారం. ఐతే ఈయన విషయంలో ఆ రెండు మాటలూ సార్థకమైనవి. యుద్ధం చేయవలసిన శత్రువు మాత్రం చాలా కాలం తరువాత, వేరొక రూపంలో ఎదురైంది.

ఆయన పద్నాలుగో ఏట, 1908 సెప్టెంబరులో, మూసీ నదికి మహావరద వచ్చి హైదరాబాదును ముంచింది. ఆ విపత్తు తరువాతనే నగరాన్ని శాస్త్రీయంగా తీర్చిదిద్దాలనే ఆలోచన బలపడి, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మురికివాడలను తొలగించడం, వీధులను వెడల్పు చేయడం, మంచినీటి వసతి కల్పించడం ఆ తరంవారికి ప్రధాన కార్యాలైనవి. ఆ తరం అధికారులలో మెహదీ నవాజ్ జంగ్ ఒకరు. ఆయన హైదరాబాదు పురపాలక సంఘానికి కమిషనరుగా పనిచేశారు. నగరానికి కమిషనరైనవాడు రాజభవనాలను మాత్రమే చూస్తే చాలదు. కాలువను చూడాలి, చెత్తకుప్పను చూడాలి, అంటురోగం ఏ వాడలో పుట్టిందో చూడాలి. ప్రజారోగ్యం అనేది మందుసీసాతోనే ఆరంభం కాదని, ఇల్లు, నీరు, వీధి కూడ వైద్యంలో భాగాలేనని ఆ ఉద్యోగం నేర్పుతుంది.

తరువాత ఆయన నిజాం ప్రభుత్వ కార్యనిర్వాహక మండలికి కార్యదర్శి అయినారు. 1919లో దివాను పదవికి బదులుగా ఏర్పడిన ఆ మండలి రాజ్యపాలనకంతకూ కేంద్రం. అందులో కార్యదర్శి స్థానం అట్టహాసమైనది కాదు గాని, కాగితాలన్నీ ఆ చేతిమీదుగానే నడవాలి. ఆజ్ఞలు వెలువడడం ఎట్లాగో, వెలువడిన ఆజ్ఞ అమలు కాకుండా ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఉన్నవాడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

ఆ రోజులలో ఆయన చేసిన ఒక సాహసం నగర చరిత్రలో నిలిచింది. నగరానికి పడమరగా ఉన్న రాతికొండలలో అప్పుడు లంబాడీ తండాలు తప్ప జనవాసం లేదు. బంజారాలనే పేరుగల ఆ జనుల వల్లనే ఆ కొండలకు బంజారాహిల్స్ అనే పేరు వచ్చింది. కోటగోడల లోపలి దేవిడీలలో నివసించడమే పెద్దరికమనుకునే కాలంలో, మెహదీ నవాజ్ జంగ్ ఆ కొండలమీద ఇల్లు కట్టుకున్నారు. బండలను పగులగొట్టించి చదును చేయించక, ఆ బండలనే గోడలుగా, అలంకారాలుగా నిలిపి, వాటి చుట్టూ ఇంటిని అల్లించారు. బంజారాభవనం అనే ఆ ఇంటిని చూడడానికి దూరప్రాంతాల నుండి అతిథులు వచ్చేవారు. 1933లో విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు హైదరాబాదు వచ్చినపుడు ఆ కొండల మీద ఆయనకు అతిథిగా ఉన్నారు. ఆ కొండలపై ఒక కవిత కూడ వ్రాశారు. ఈనాడు హైదరాబాదులో ధనవంతుల పేటగా వెలసిన బంజారాహిల్స్‌కు ఆరంభం ఆ ఒంటరి ఇల్లే అనవచ్చు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది. పాత కొలువులోని పెద్దలలో కొందరు దేశం విడిచిపోయినారు. కొందరు ఇంటి తలుపులు మూసికొని గతాన్ని తలచుకుంటూ ఉండిపోయినారు. మెహదీ నవాజ్ జంగ్ మూడవ దారి పట్టారు. బిరుదులకు విలువ తరిగి ఓటుకు విలువ వచ్చిన కాలంలో, ఆయన ఎన్నికలలో నిలిచి ప్రజాప్రతినిధి అయినారు. 1952లో బూర్గుల రామకృష్ణారావుగారి ముఖ్యమంత్రిత్వాన ఏర్పడిన హైదరాబాదు రాష్ట్ర మంత్రివర్గంలో మంత్రిగా చేరారు. నిజాం కాలంలో 1913లో టౌన్ హాలుగా వెలసిన నాంపల్లి ప్రాంతపు భవనమే శాసనసభ అయింది. ఒకప్పుడు మండలి కార్యదర్శిగా పై నుండి వచ్చే ఫర్మానాలను నడిపినవాడు, ఇప్పుడు ఎదుటి బల్లలమీది ప్రతిపక్షానికి సమాధానం చెప్పవలసిన మంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత నీలం సంజీవరెడ్డిగారి మంత్రివర్గంలోనూ ఆయనకు స్థానం లభించింది.

ఆయన మంత్రిగా ఉన్న కాలంలోనే, 1955లో, రెడ్‌హిల్స్‌లో ఆయన చొరవతో క్యాన్సరు ఆస్పత్రి వెలసింది. ఆ పని విలువ తెలియాలంటే ఆనాటి స్థితి కొంత చెప్పాలి.

తెలుగువారు ఈ జబ్బును రాచపుండు అన్నారు. పేరులో రాచరికం ఉన్నా ఇది పేదసాదలను ఎక్కువగా బలిగొన్నది. ధనవంతుడికి వస్తే ప్రయాణం చేయగలడు. పేదవాడికి వస్తే మంచం పట్టడమే. పుండు పైకి కనిపిస్తే పసరు పూసి కట్టుకట్టడం, కనిపించకపోతే దిష్టి అనుకోవడం, ముదిరిన తరువాత దైవం మీద భారం వేయడం లోకరీతి. ఆ మాటను రోగి ఎదుట ఉచ్చరించడానికి కూడ ఇంటివారు భయపడేవారు. దీనికి ఉన్న వైద్యం ముఖ్యంగా రెండు తెరగులు. ఒకటి శస్త్రచికిత్స, రెండవది కిరణచికిత్స.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనిపెట్టినాడు. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనిపెట్టినారు. ఈ కిరణాలు శరీరంలో దూరి కణాలను దెబ్బతీస్తవని, త్వరత్వరగా చీలిపెరిగే కణాలు ఆ దెబ్బకు ఎక్కువగా లొంగుతవని కొద్దికాలంలోనే తేలింది. కాని రేడియము దొరకడమే దుర్లభం. టన్నులకొద్ది ముడిఖనిజాన్ని శుద్ధిచేస్తే గ్రాములో ఒక అల్పభాగం వచ్చేది. 1921లో మేడమ్ క్యూరీకి ఒక్క గ్రాము రేడియము బహూకరించడానికి అమెరికా స్త్రీలు లక్ష డాలర్లు చందాలెత్తవలసి వచ్చింది. అందుచేత రేడియము గల ఆస్పత్రి అంటే సామాన్యమైన మాట కాదు. దక్షిణాన మదరాసులో బర్నార్డు కిరణవైద్య సంస్థ 1934లోను, పడమట బొంబాయిలో టాటా స్మారక ఆస్పత్రి 1941లోను వెలసినవి. తెలంగాణ పల్లెలోని కూలిమనిషికి ఆ రెండు నగరాలూ దూరదేశాలే. కిరణచికిత్స ఒక్క పూటలో ముగిసేది కాదు; వారాల తరబడి ఉండాలి. పోయి ఉండడానికి తావు లేదు. తెలిసిన భాష కాదు. తోడు వచ్చినవారి కూలి పోతుంది. ఔషధం ఉండి కూడ అందకపోవడమంటే ఇదే. ఈ దూరాన్ని తగ్గించడమే రెడ్‌హిల్స్‌లో జరిగిన పని. రైలు స్టేషనుకు చేరువగా, శాసనసభకు కూతవేటు దూరంలో, తల్లీపిల్లల కోసం 1953లో వెలసిన నిలోఫరు ఆస్పత్రికి ఇరుగుపొరుగున క్యాన్సరు రోగికి ఒక చోటు ఏర్పడింది.

ఐతే రేడియముకు పరిమితులున్నవి. నోటిలోను, గర్భాశయ ముఖద్వారంలోను పుట్టిన పుండు దగ్గర రేడియమును ఉంచడం సాధ్యం. తలపుర్రె లోపలి గడ్డ దానికి అందేది కాదు. ఆనాటి ఎక్స్‌కిరణ యంత్రాలతో లోపలికి తగినంత కిరణం పంపబోతే పైచర్మం మాడిపోయేది. 1951లో కెనడాలో కోబాల్టు 60 యంత్రంతో రోగులకు చికిత్స ఆరంభించడంతో ఈ చిక్కు కొంత విడిపోయింది. కోబాల్టు కిరణం చర్మాన్ని అంతగా కాల్చక లోతుకు పోతుంది. రేడియమువలె గనులలో వెదకనక్కరలేదు; అణురియాక్టరులో తయారు చేయవచ్చు. కొద్ది సంవత్సరాలలోనే మదరాసు అడయారులోని క్యాన్సరు సంస్థకు కోబాల్టు యంత్రం వచ్చింది. ఆ తరువాత వచ్చిన లీనియర్ యాక్సిలరేటరు యంత్రాలు గడ్డ ఆకారానికి తగినట్లు కిరణాన్ని మలచగలుగుతున్నవి.

ఈ మార్పు వల్ల మేలు పొందినవారిలో మెనింజియోమా అనే మెదడుగడ్డ గలవారిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మెదడు చుట్టూ మూడు పొరలున్నవి. నడిమి పొర సాలెగూటి వలె పలుచగా అల్లుకొని ఉంటుంది. ఆ పొరలోని కణాల నుండి పుట్టే గడ్డకు 1922లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ మెనింజియోమా అని పేరు పెట్టినాడు. ఇందులో ఎక్కువ భాగం నిజానికి క్యాన్సరు కాదు. మెల్లగా, సంవత్సరాల తరబడి పెరుగుతుంది. పురుషులకంటే స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. కాని గట్టి పుర్రె లోపల సాధుగుణం గల గడ్డ కూడ చోటు ఆక్రమించి మెదడును నొక్కుతుంది. తలనొప్పి, మూర్ఛ, చూపు మందగించడం, కాలుచేతుల పట్టు తప్పడం దాని ఫలితాలు. గడ్డ చిన్నదై బాధపెట్టనిదైతే, అప్పుడప్పుడు స్కానింగు తీసి కనిపెట్టి ఉండడమే చాలు. బాధపెట్టేదైతే శస్త్రచికిత్స మొదటి మార్గం. గడ్డ కంటి నరాన్నో, పుర్రె అడుగున పెద్ద రక్తనాళాన్నో పెనవేసికొని ఉంటే దానిని పూర్తిగా తీయడం ప్రమాదం. తీయగా మిగిలిన భాగం మళ్లీ పెరుగుతున్నపుడు, కత్తి పెట్టరాని చోట గడ్డ ఉన్నపుడు, గడ్డ రెండవ మూడవ శ్రేణికి చెందిన చురుకైనదైనపుడు కిరణచికిత్స అక్కరకు వస్తుంది.

కిరణమోతాదును గ్రే అనే ప్రమాణంతో కొలుస్తారు. సాధారణ మెనింజియోమాకు దాదాపు 50 నుండి 54 గ్రేలు ఇస్తారు. అంతా ఒకేసారి ఇస్తే గడ్డతో పాటు మెదడూ దెబ్బతింటుంది. అందుకని రోజుకు 1.8 గ్రే చొప్పున, వారానికి ఐదు రోజులు, ఆరు వారాల పాటు 30 విడతలుగా పంచుతారు. దెబ్బ తగిలిన ఆరోగ్యకణం ఒక విడతకూ మరొక విడతకూ నడుమ తేరుకుంటుంది. గడ్డలోని కణం అంతగా తేరుకోలేదు. కిరణచికిత్సలోని కిటుకంతా ఈ ఓపికలోనే ఉన్నది. తల కదలకుండా రోగి ముఖానికి సరిపోయే ముసుగు అచ్చుపోసి, ప్రతిదినమూ అదే ముసుగుతో బల్లకు బిగిస్తారు. కిరణం పడేది కొద్ది నిముషాలే, నొప్పి ఉండదు. చిన్నగడ్డలకు ఒకే పర్యాయం గురిచూసి పెద్దమోతాదు ఇచ్చే పద్ధతి కూడ ఉన్నది. స్వీడను దేశపు వైద్యుడు లెక్సెల్ దాని కోసం కోబాల్టుతో నిర్మించిన గామానైఫ్ అనే పరికరం 1968లో మొదటి రోగికి ఉపయోగపడింది.

ఇక్కడ ఒక భ్రమ తొలగించుకోవాలి. చికిత్స ముగిసిన మరునాడు గడ్డ మాయమైపోదు. చాలామందిలో అది అక్కడే ఉండి పెరగడం మానుతుంది. కొందరిలో కొంత కుంచించుకుపోతుంది. వైద్యులు దానినే జయంగా ఎంచుతారు. అలసట, కిరణం పడిన మేర జుట్టు రాలడం అప్పటికప్పుడు కలిగే బాధలు. జ్ఞాపకశక్తి తగ్గడం, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి మందగించడం ఏండ్ల తరువాత కొందరిలో కనిపిస్తవి. చిత్రమేమంటే, చిన్నతనంలో తలకు కిరణాలు సోకినవారిలో దశాబ్దాల తరువాత ఈ మెనింజియోమాయే పుట్టే అవకాశం ఎక్కువ. ఒకప్పుడు పిల్లల తలతామరకు ఎక్స్‌కిరణాలు ఇచ్చిన చోట్ల ఈ సంగతి బయటపడింది. నిప్పు వంట వండుతుంది, ఇల్లూ కాలుస్తుంది. కిరణమూ అంతే. కనుకనే అది తెలిసినవారి చేతిలో, లెక్క తప్పని చోట ఉండాలి.

ముప్పై విడతలంటే ముప్పై సార్లు ఆస్పత్రి మెట్లెక్కాలి. ఒక్కనాటి శస్త్రచికిత్సకు ఎవరో ఒకరు అప్పిస్తారు. ఆరు వారాలు పట్నంలో ఉండడానికి అయ్యే తిండిఖర్చు, బస, పోయిన కూలి ఏ లెక్కలోనూ కనిపించవు. సగం విడతల తరువాత రోగి ఊరికి వెళ్లిపోతే అంతవరకు చేసినది వ్యర్థమయ్యే ప్రమాదం ఉన్నది. కిరణచికిత్సలో యంత్రం ఎంత ముఖ్యమో, పేదవాడు ఆ యంత్రం దగ్గర ఆరు వారాలు నిలువగలగడం అంత ముఖ్యం. ధనికుల వైద్యశాల ఎంత గొప్పదైనా ఈ చిక్కు తీర్చదు. ప్రజల ఆస్పత్రి కావాలి. రెడ్‌హిల్స్ ఆస్పత్రి తరువాత ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చి, ప్రాంతీయ క్యాన్సరు కేంద్రమై, స్థాపకుని పేరే పెట్టుకున్నది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు కిరణచికిత్స ఖర్చును కూడ భరించింది. నయంకాని రోగికి నొప్పి తెలియకుండా చేసే ఉపశమన వైద్యంలోనూ ఆ ఆస్పత్రి పేరు పొందింది.

ఆస్పత్రి నాటినవాడు దాని నీడలో కూర్చుండిపోలేదు. 1960 మే 1న బొంబాయి రాష్ట్రం చీలి గుజరాతు ఏర్పడినపుడు దాని మొదటి గవర్నరుగా మెహదీ నవాజ్ జంగ్ నియమితులైనారు. మొదటి ముఖ్యమంత్రి జీవరాజ్ మెహతా స్వయంగా వైద్యుడు, గాంధీమహాత్మునికి చికిత్స చేసినవాడు. ఆస్పత్రి స్థాపించిన గవర్నరు, వైద్యుడైన ముఖ్యమంత్రి ఒక కొత్త రాష్ట్రానికి తొలిదినాలలో జంటగా లభించడం విశేషం. హైదరాబాదు ఇట్లా ఇతర రాష్ట్రాలకు గవర్నర్లను పంపడం అదే మొదలు కాదు. ఆబిడ్స్ దగ్గరి గోల్డెన్ త్రెషోల్డ్ ఇంటి నుండి సరోజినీనాయుడు ఉత్తరప్రదేశానికి, ఆమె కుమార్తె పద్మజానాయుడు పశ్చిమబెంగాలుకు గవర్నర్లైనారు. మెహదీ నవాజ్ జంగ్ 1965 ఆగస్టు వరకు గుజరాతులో ఉన్నారు. ఆ యేడే ఆయనకు పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. అహమ్మదాబాదులో పాల్డీ ప్రాంతాన ఒక సభామందిరం ఆయన పేర వెలసింది. 1967 జూన్ 28న, డెబ్బది మూడవ ఏట, ఆయన కన్నుమూశారు.

ఆయన జీవితాన్ని తరచి చూస్తే మూడు కొండలు కనిపిస్తవి. మొదటిది అధికారపు కొండ. దానిని ఎక్కినవారంతా దిగక తప్పదు. రెండవది బంజారాకొండ, దానిని తీర్చిదిద్దినవారి పేరు అక్కడి మేడల నడుమ మరుగున పడింది. మూడవది రెడ్‌హిల్స్. అక్కడ ఆయనకు వేరే స్మారకం అక్కరలేదు. ఆరు వారాల చికిత్స ముగించుకొని, నెత్తిమీది రుమాలు సవరించుకుంటూ నాంపల్లి స్టేషను వైపు నడిచిపోయే పల్లెటూరి స్త్రీకి నవాబులంటే ఎవరో తెలియకపోవచ్చు. ఊరికి పోయి ఎక్కడ బాగుచేశారని అడిగితే ఆమె చెప్పేది ఆ మూడక్షరాలే. ఒక యుద్ధనామానికి ఇంతకంటె మంచి అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు.